గుంటూరు నుంచి తెచ్చిన పాత పూల్ టేబుల్: బంతి ఎడమకి లాగేస్తోంది, క్లాత్ మారిస్తే సరిపోతుందా?

పటమట_కుర్రాడు

అందరికీ నమస్తే. గుంటూరులో మేం కాలేజీ రోజుల్లో ఆడుకున్న ఒక పార్లర్ మూసేస్తున్నారని తెలిసి పోయిన నెల వెళ్లి అక్కడి 8 అడుగుల పూల్ టేబుల్ ఒకటి కొన్నాను. నేను ఆట నేర్చుకుంది దాని మీదే, అది తుక్కు సామాను కింద పోతుంటే చూస్తూ ఊరుకోలేకపోయాను. ఫ్రేమ్ టేకు, క్లాత్ కింద ఉండే రాయి మూడు ముక్కలుగా వస్తుంది. టాటా ఏస్‌లో విజయవాడ తెచ్చి మా ఇంటి కింద పార్కింగ్ పక్కనున్న గదిలో పెట్టించాను. బిగించడానికి వచ్చినవాళ్లు రెండు గంటల్లో పని అయిపోయిందని వెళ్లిపోయారు.

ఆడటం మొదలుపెట్టాక తెలిసింది అసలు సంగతి. బంతిని పొడవునా మెల్లగా వదిలితే సగం దాటేదాకా బాగానే వెళ్తుంది, ఆ తర్వాత ఎడమవైపు మూల పాకెట్‌కి ఒరిగిపోతుంది. కుడివైపు పొడవు కుషన్‌లో, అంటే బంతి తగిలి తిరిగొచ్చే రబ్బరు అంచులో, ఒక మూరెడు మేర బంతి తగిలితే ధబ్‌మని చప్పుడు వస్తుంది, బంతి తిరిగి రాదు, అక్కడే చచ్చిపోతుంది. మిగతా చోట్ల టక్కుమని బాగానే వస్తోంది. ఇంకోటి, సైడ్ పాకెట్‌కి అడుగు మీద కాస్త దూరంలో క్లాత్ కింద అడ్డంగా ఒక గీతలాగా చేతికి తగులుతోంది, మెల్లగా వెళ్లే బంతి అక్కడ చిన్నగా ఎగురుతోంది కూడా.

క్లాత్ బాగా అరిగిపోయింది నిజమే. ఒకాయన్ని పిలిపిస్తే చూసి, కొత్త క్లాత్ వేస్తే అన్నీ సర్దుకుంటాయి అన్నారు. మా బాబాయి తాపీమేస్త్రీ, రసమట్టం ఇస్తానన్నాడు కాబట్టి చేతనైనంత నేనే చేసుకుందామని ఉంది. ఎక్కడ మొదలుపెట్టాలి? తెలిసినవాళ్లు చెప్పండి.

అరండల్‌పేట_పాత_పార్లర్

తమ్ముడూ, క్లాత్ జోలికి ఇప్పుడే పోవద్దు. అది చిట్టచివర వేసేది. కింద రాయి, ఫ్రేమ్, బోల్టులు, రబ్బరు సరిచూసుకోకుండా కొత్త క్లాత్ వేస్తే మళ్లీ పీకాల్సిందే, ఒకసారి సాగదీసి పిన్నులు కొట్టిన క్లాత్ రెండోసారి ముందులాగా కూర్చోదు. నేను గుంటూరులో పదిహేడేళ్లు టేబుళ్లు నడిపాను, మొదట్లో ఈ వరస తెలియక రెండు మంచి క్లాత్‌లు పోగొట్టుకున్నాను, అందుకే ఇంత గట్టిగా చెప్తున్నా.

నువ్వు రాసినదాంట్లోనే సగం జవాబు ఉంది. టేబుల్ మొత్తం వాలితే బంతి వదిలిన దగ్గర్నుంచే పక్కకి లాగుతుంది. నీది సగం దాటాక లాగుతోంది. అయితే ఏ బంతైనా వేగం తగ్గేకొద్దీ ఎక్కువ ఒరుగుతుంది కాబట్టి తొందరపడకుండా అటు చివర నుంచి ఇటు కూడా వదిలి చూడు. వదలగానే ఒరిగి, నువ్వు చెప్పిన ఆ గీత దాటాక తిన్నగా వస్తే ఇక అనుమానం లేదు, ఆ చివరి రాయి ఒక్కటే వాలింది. ఇప్పుడు ఆ మూల కాలు కింద ఏదన్నా పెట్టి ఎత్తావనుకో, ఆ రాయి సరిపోవచ్చు గానీ బాగున్న రెండు రాళ్లూ చెడిపోతాయి. చాలామంది చేసే పని ఇదే.

ఆ గీత రెండు రాళ్ల అతుకు. క్లాత్ తీశాక దాని మీద గోటిని అడ్డంగా లాగు. గోరు ఆగిందంటే ఒక రాయి రెండోదానికన్నా ఎత్తుగా ఉన్నట్టు. అది రాళ్లని సర్ది సరిచేయాల్సిన తేడా, పైన లప్పం రాసి దాచేది కాదు.

పని వరస ఇలా. ముందు కుషన్లు విప్పెయ్, ఏది ఎక్కడిదో అడుగున సుద్దతో నంబరు వేసుకో. క్లాత్ పిన్నులు తీసి చుట్టి పక్కన పెట్టు. రాళ్లని ఫ్రేమ్‌కి పట్టి ఉంచే స్క్రూలు వదులు చెయ్. ముందు ఫ్రేమ్‌ని కాళ్ల దగ్గర మట్టానికి తెచ్చుకుని, ఆ తర్వాత మధ్య రాయిని సరిచేసి బిగించు. చివరి రాళ్లు రెండూ మధ్య రాయిని చూసి కూర్చోవాలి. ఎక్కడ పల్లంగా ఉంటే అక్కడ రాయికీ ఫ్రేమ్‌కీ మధ్య సన్నటి చెక్క చీలిక కొట్టి ఎత్తాలి, వెంట్రుకవాసి కావాలంటే పేకముక్క కూడా పనికొస్తుంది. స్క్రూ బిగించాక మట్టం మారుతుంది, మళ్లీ చూడాలి, మళ్లీ సర్దాలి. పూటంతా పడుతుంది. రెండు గంటల్లో అయిపోయిందంటే ఈ పని చేసి ఉండరు.

రాయి ఎత్తాల్సి వస్తే జాగ్రత్త, అంగుళం మందం రాయి ఒక్కో ముక్క 70 కిలోల దాకా ఉంటుంది. పలకలాగా పడుకోబెట్టి మోస్తే రాయి నడిమికి విరగొచ్చు. అంచు మీద నిలువుగా నిలబెట్టి మోయాలి, ముగ్గురు ఉంటే మంచిది. పలక అన్నాను కదా, అది నిజంగా పలక రాయే, మన మార్కాపురం పలకల జాతి. సన్నటి రేణువు, పొరలుగా విడుతుంది, అరగదీస్తే అద్దంలా చదునవుతుంది, చెక్కలాగా వంకర పోదు. అందుకే పేరున్న టేబుళ్లకి ఇటలీ లిగూరియా వైపు పలక రాయి వాడతారు. మన దగ్గర తక్కువ ధర టేబుళ్లలో పాలరాయి కూడా వస్తుంది. పాకెట్ లోపలికి టార్చి వేసి అంచు చూడు, ముదురు బూడిద రంగులో పొరలు కనిపిస్తే పలక, తెల్లగా మెరుస్తుంటే పాలరాయి. పాలరాయి అయినా పగుళ్లు లేకుండా చదునుగా ఉంటే ఇంట్లో ఆటకి బాధ లేదు.

ఆ ధబ్ సంగతి. కుషన్ రబ్బరు అతికించి ఉండే చెక్కని రెయిల్ అంటారు, ప్రతి రెయిల్‌కీ కింద మూడేసి బోల్టులు ఉంటాయి. వాటిలో ఒకటి వదులైతే బంతి దెబ్బకి రబ్బరు తిరిగి తన్నే బదులు చెక్క అదురుతుంది, ఆ అదురే నీకు వినిపిస్తున్న చప్పుడు. ఒక అరచెయ్యి రెయిల్ మీద ఆనించి రెండో చేత్తో బంతిని కొట్టు, అదురు అరచేతికే తెలుస్తుంది. ముందు బోల్టులు బిగించి చూడు, ఖర్చు లేని వైద్యం. అయినా చచ్చినట్టే ఉంటే అక్కడ రబ్బరు చెక్క నుంచి ఊడి ఉంటుంది. కుషన్లు ఆరూ మొద్దుబారిపోయి, రబ్బరు గోటితో నొక్కితే దిగకుండా పైన పగుళ్లు కనిపిస్తే మాత్రం రబ్బరు మొత్తం మార్చాలి.

ఆటోనగర్_లేత్

పైన అన్నగారు చెప్పింది అక్షరాలా కరెక్టు. మట్టం గురించి ఒక్క మాట కలుపుతాను, నా పని రోజూ దాంతోనే.

బాబాయిగారి రసమట్టం గోడకి, గచ్చుకి మంచిదే, దీనికి చాలదు. తాపీ రసమట్టం మీటరుకి అర మిల్లీమీటరు, కొన్ని ఒక మిల్లీమీటరు తేడా ఉన్నా బుడగ మధ్యలోనే చూపిస్తాయి. వరల్డ్ పూల్ బిలియర్డ్ అసోసియేషన్ కొలతల్లో టేబుల్ పొడవు మొత్తం మీద ఒప్పుకునే తేడా అంగుళంలో వెయ్యింట 20 వంతులు, వెడల్పు మీద వెయ్యింట 10 వంతులు. మన లెక్కలో అర మిల్లీమీటరు, పావు మిల్లీమీటరు. పావు మిల్లీమీటరంటే దాదాపు ఒక పేకముక్క మందం. లేత్ బెడ్ మట్టం చూసుకోవడానికి మా దగ్గర ఇనుప లెవల్ ఉంటుంది, దాని మీద ఒక్కో గీత మీటరుకి 0.02 మిల్లీమీటరు. ఆటోనగర్‌లో లేత్ షాపుల్లో అడిగి చూడండి, తెలిసినవాళ్లయితే ఒక పూటకి ఇస్తారు.

వాడేటప్పుడు కొన్ని జాగ్రత్తలు. రాయి మీద దుమ్ము, పాత బంక చుక్క ఒక్కటి కూడా ఉండకూడదు, ఇసుక రేణువు చాలు లెక్క తప్పడానికి. లెవల్ పెట్టి చెయ్యి తీసేసి బుడగ నిలిచేదాకా ఆగండి, మీరు తొందరపడినా అది తొందరపడదు. గాజు గొట్టం మీద వేలు పెట్టొద్దు, చేతి వేడికే బుడగ కదులుతుంది, కిటికీ ఎండ పడ్డా అంతే. ఒక చోట చూశాక లెవల్‌ని అటుది ఇటు తిప్పి అదే చోట మళ్లీ పెట్టండి. బుడగ రెండుసార్లూ టేబుల్‌కి ఒకే పక్కకి ఒకేలా వెళ్తే వాలు రాయిది. తిప్పగానే బుడగ రెండో పక్కకి మారిపోతే తేడా లెవల్‌దే. నాలుగు మూలలు, మధ్యలో, రెండు అతుకుల మీద, పొడవునా అడ్డంగా రెండు విధాలా చూసి ఆ అంకెలు రాయి మీదే పెన్సిల్‌తో రాసుకోండి.

కాళ్ల కింద అట్టముక్కలు, గుడ్డలు పెట్టొద్దు. మొత్తం మూడు నాలుగు క్వింటాళ్ల బరువు, అవి నలిగిపోతాయి. ఇనుప రేకు ముక్క గానీ గట్టి ప్లైవుడ్ గానీ పెట్టండి.

సింగ్‌నగర్_8బాల్

పార్కింగ్ పక్క గది అన్నారు, కింద అంతస్తు కాబట్టి నా అనుభవం చెప్పాలనిపించింది. 2024 సెప్టెంబరు 1న బుడమేరు పొంగినప్పుడు మా ఇంట్లో టేబుల్ పూర్తిగా మునిగింది. ఆ రోజుల్లో టేబుల్ గురించి ఆలోచించే పరిస్థితి కాదు, పాలప్యాకెట్ కోసం ట్రాక్టర్ వెనక పరుగెత్తాం. నీళ్లు పోయాక చూస్తే అంగుళం మందాన బురద.

రాయికి ఏమీ కాలేదు. కడిగితే కొత్తదానిలా వచ్చింది. పోయింది మిగతాదే. క్లాత్ కుళ్లిపోయింది, బోల్టులు తుప్పు పట్టి కొన్నిటిని కోసి తీయాల్సి వచ్చింది, రాయి అడుగున అతికించిన ప్లైవుడ్ ఉబ్బి రాయినే పైకి నెట్టింది. టేకు దూలాలు మాత్రం నిలిచాయి. ఎండలో పెడితే చీలిపోతాయని ఒక పెద్దాయన చెబితే నీడలోనే ఫ్యాన్ గాలికి సంక్రాంతి దాకా ఆరబెట్టాను. ఆరిన తర్వాతే మట్టం పని మొదలుపెట్టించాను. తడి చెక్క మీద మట్టం సరిచేస్తే అది ఆరేకొద్దీ మళ్లీ మారుతుందని అప్పుడే అర్థమైంది. మీ గదిలో వానాకాలం గోడలు చెమ్మగిల్లుతాయేమో ముందు చూసుకోండి. చెమ్మ ఉంటే మీరెన్ని చీలికలు కొట్టినా ఏడాదికి రెండుసార్లు అదే పని.

ఇక అతుకులో ఏం నింపాలి అన్నది. చాలామంది తేనె మైనం కరిగించి పోసి, ఆరాక పైన గీకేస్తారు. తర్వాత విప్పాలంటే సులువుగా వస్తుంది. కానీ మన మే నెల వేడికి ఏసీ లేని గదిలో మైనం మెత్తబడుతుంది. కరిగిపోదు, కరగాలంటే 60 డిగ్రీలు దాటాలి, కానీ మెత్తబడిన మైనం మీద నుంచి బంతి రోజూ దొర్లుతుంటే అతుకు మళ్లీ చేతికి తెలిసిపోతుంది. నేను కార్లకి డెంటింగ్ చేసేవాళ్లు వాడే లప్పం వేయించాను, పల్చగా రాసి ఎమెరీ కాగితంతో రుద్దించాను. ఇప్పటిదాకా కదల్లేదు.

అరండల్‌పేట_పాత_పార్లర్

సింగ్‌నగర్ తమ్ముడి మాటతో సగమే ఒప్పుకుంటా. కారు లప్పం గట్టిది నిజమే, కానీ రేపు ఇల్లు మారితే రాళ్లు విడదీసేటప్పుడు ఆ లప్పం రాయి అంచుని పట్టుకుని పెచ్చు లేస్తుంది. సొంత ఇల్లు, టేబుల్ కదలదు అంటే లప్పం. అద్దె ఇల్లయితే మైనమే, రెండేళ్లకోసారి గీకి మళ్లీ పోసుకోవచ్చు.

పటమట_కుర్రాడు

అన్నా, అందరికీ చాలా చాలా థాంక్స్. ఇరవై రోజులు పట్టింది, జరిగింది మొత్తం రాస్తున్నా, నాలాగే ఎవరైనా వెతుక్కుంటూ వస్తే పనికొస్తుంది.

చెప్పినట్టే అటు నుంచి ఇటు బంతి వదిలాను. వదలగానే ఒరిగింది, అతుకు దాటాక తాడు కట్టినట్టు తిన్నగా వచ్చింది. క్లాత్ తీసి టార్చి వేసి చూస్తే పలక రాయే, చాలా సంతోషం వేసింది. ఆ చివరి రాయి ఎడమ మూల కింద చెక్క చీలిక ఉండాల్సిన చోట ఒక పెళ్లి శుభలేఖని నాలుగు మడతలు పెట్టి దూర్చి ఉంది. పసుపు రాసిన అంచు ఇంకా కనిపిస్తోంది, లోపలి కాగితం మాత్రం చెమ్మకి పిండిలా అయిపోయి రేకు మందానికి నలిగింది. ఎన్నేళ్లుగా ఆ మూల దిగుతూ వచ్చిందో! మేం కాలేజీలో ఆడేటప్పుడు కూడా ఆ మూల పాకెట్‌లో బంతులు తేలిగ్గా పడేవి, నా షాట్ బాగుందనుకునేవాణ్ణి.

ఆటోనగర్ అన్న చెప్పిన లెవల్ ఒక షాపులో దొరికింది, ఆదివారం ఉదయం ఇచ్చి సాయంత్రం తెచ్చేయమన్నారు. బాబాయి కూడా వచ్చాడు. తన రసమట్టం అదే చోట పెడితే బుడగ నడిమధ్యన ఉంది, ఈ లెవల్ పెడితే ఒక చివరికి పారిపోయింది. బాబాయి రెండుసార్లు పెట్టి చూసి ఏమీ మాట్లాడకుండా చీలికలు చెక్కడానికి కూర్చున్నాడు. టేకు ముక్కల్ని కొస దగ్గర కాగితమంత సన్నగా చెక్కాడు. చిన్న సుత్తితో ఒక్కో దెబ్బకి బుడగ ఎంత కదులుతుందో చూసుకుంటూ మధ్యాహ్నం మూడు దాకా కూర్చున్నాం. అతుకు మీద ఇప్పుడు గోరు ఆగడం లేదు. సొంత ఇల్లే కాబట్టి లప్పమే వేశాను.

కుషన్ దగ్గర రెండు తప్పులు బయటపడ్డాయి. మధ్య బోల్టు వేళ్లతోనే తిరిగింది, దాని వాషర్ లేనే లేదు. పెద్ద వాషర్ వేసి బిగిస్తే సగం జాగా బతికింది. మిగతా సగంలో నాలుగంగుళాల మేర రబ్బరు చెక్క నుంచి విడిపోయి ఉంది. పాత బంక గీకేసి, రెండు వైపులా రబ్బరు బంక పల్చగా పూసి, చేతికి అంటనంత ఆరాక ఒత్తి, ఒక రోజంతా అలాగే వదిలేశాను.

ఇప్పుడు క్లాత్. షాపులో రెండు రకాలు చూపించారు, ఏది తీసుకోవాలి? ఒక ఫ్రెండ్ వారానికోసారి ఇస్త్రీ చేయాలంటున్నాడు, నిజమేనా?

సింగ్‌నగర్_8బాల్

మా దగ్గర ఇస్త్రీ చేయిస్తాం. బంతి వేగం తేడా స్పష్టంగా తెలుస్తుంది.

అరండల్‌పేట_పాత_పార్లర్

అది క్లాత్‌ని బట్టి ఉంటుంది. చేత్తో నిమిరి చూడు. ఒక దిక్కుకి నున్నగా, ఎదురు దిక్కుకి గరుకుగా తగిలితే నూగు ఉన్న ఉన్ని క్లాత్, స్నూకర్ టేబుళ్ల మీద వేసేది. మన పార్లర్లలో పూల్ టేబుళ్ల మీద కూడా ఎక్కువగా అదే. దానికి ముందు బ్రష్, తర్వాత గోరువెచ్చని ఇస్త్రీ, రెండూ ఒకే దిక్కుకి, బ్రేక్ (ఆట మొదటి దెబ్బ) కొట్టే వైపు నుంచి ర్యాక్ పెట్టే (బంతులు త్రికోణంగా పేర్చే) వైపుకి. నూగుకి ఎదురు లాగితే బొబ్బలు లేస్తాయి. ఇస్త్రీకి టేబుల్ కోసమే చేసిన బరువైన పెట్టె వస్తుంది, ఇంట్లో చొక్కాల ఇస్త్రీపెట్టె వేడి ఎక్కువైతే క్లాత్ మాడుతుంది, నైలాన్ కలిసినదైతే మెరుపు మచ్చ పడి జన్మలో పోదు.

రెండు దిక్కులకీ ఒకేలా నున్నగా ఉంటే అది వర్‌స్టెడ్. అమెరికన్ పూల్‌కి వేసేది అదే, సైమోనిస్ లాంటివి. దానికి ఇస్త్రీ అక్కర్లేదు, బంతి వేగంగా దొర్లుతుంది, చెమ్మకి కాస్త తట్టుకుంటుంది. నీ గది కింద అంతస్తులో ఉంది, ఇంట్లో పిల్లలు కూడా ఆడతారు కాబట్టి నా ఓటు వర్‌స్టెడ్‌కే. డబ్బు ఎక్కువవుతుంది, కానీ మట్టానికి ఇంత కష్టపడ్డావు, ఇక్కడ తగ్గొద్దు. వేసేటప్పుడు బాగా సాగదీయించు. మధ్యలో రెండు వేళ్లతో గిల్లితే క్లాత్ పైకి రాకూడదు.

క్లాత్‌ని తినేసేది కర్ర కొనకి రాసే చాక్ పొడి. ఆడిన ప్రతిసారీ కుషన్ల కింద నుంచి మధ్యకి బ్రష్ చేసి ఆ పొడిని వ్యాక్యూమ్‌తో మెల్లగా లాగెయ్. చాక్‌ని రెయిల్ మీద బోర్లా పెట్టనివ్వకు. చేతికి టాల్కమ్ పౌడర్ రాసుకుని ఆడే అలవాటు ఎవరికైనా ఉంటే మానిపించు, అది చెమటతో కలిసి క్లాత్‌లోకి దిగిపోతుంది. బంతుల్ని గోరువెచ్చని నీళ్లలో కాస్త సబ్బుతో కడిగి మెత్తటి గుడ్డతో తుడువు, మురికి బంతి క్లాత్‌ని సానపట్టినట్టు అరగదీస్తుంది. ఒకసారి బంతుల్ని తూచి కూడా చూడు. 57 మిల్లీమీటర్ల పూల్ బంతి 156 నుంచి 170 గ్రాముల మధ్య ఉండాలి. పార్లర్ సెట్లలో తెల్లబంతి ఎక్కువ దెబ్బలు తిని చిన్నదవుతుంది, లేకపోతే ఎప్పుడో పోయి వేరే సెట్‌ది కలిసి ఉంటుంది.

క్లాత్ పడేముందు ఇంకొక్కటి చూడు. కుషన్ ముక్కు, అంటే బంతికి తగిలే రబ్బరు కొస, ఎంత ఎత్తుందో రాయి నుంచి కొలువు. బంతి ఎత్తులో 63.5 శాతం ఉండాలి, నీ బంతికి 36 మిల్లీమీటర్ల పైన కాస్త. ముక్కు కిందికి ఉంటే గట్టిగా కొట్టిన బంతి ఎగురుతుంది, పైకి ఉంటే బంతిని రాయికేసి నొక్కి వేగం చంపేస్తుంది.

పటమట_కుర్రాడు

కొలిచాను అన్నా. మూడు చోట్ల 36.2, 36.3, 36.2. అతికించిన చోట 36.4 వచ్చింది. బంతులు తూస్తే పదిహేనూ 165 దగ్గర్లో ఉన్నాయి, తెల్లది 151. తెల్లబంతి కొత్తది ఆర్డర్ పెట్టాను, వర్‌స్టెడ్ క్లాత్ శనివారం వేస్తున్నారు.

అరండల్‌పేట_పాత_పార్లర్

36.4 బాగానే ఉంది, దాన్ని కదిలించకు. క్లాత్ వేశాక బ్రేక్ కొట్టే వైపు స్పాట్ (గుర్తు చుక్క) మీద బంతి పెట్టి పొడవునా నడిమధ్యకి గట్టిగా కొట్టు. ఎగరకుండా నాలుగు నుంచి నాలుగున్నర పొడవులు తిరగాలి. ఎన్ని తిరిగిందో ఇక్కడ రాయి. శనివారం సాయంత్రం చూస్తుంటాను.

పటమట_కుర్రాడు

నాలుగు పూర్తిగా తిరిగి, ఐదోసారి సైడ్ పాకెట్‌కి జానెడు ముందు ఆగింది. ఎడమకి పోలేదు.